533201: అమలాపురం పిన్‌కోడును కాగితం మీద విప్పి చూడటం ఎలా

బ్యాంకు ఫారం మీదా, పార్సిల్ అట్టపెట్టె మీదా కోనసీమలో చేతికి అలవాటైపోయిన అంకెల వరస 533201. అమలాపురం హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడు అది. దాన్ని "ఐదు, మూడు, మూడు, రెండు, సున్నా, ఒకటి" అంటాం. "ఐదు లక్షల ముప్పై మూడు వేల రెండు వందల ఒకటి" అని ఎవరూ అనరు. ఇక్కడ మాత్రం ఆ రెండో చదువే మనకు కావాలి. పిన్‌కోడు ఒక చోటికి గుర్తు, నిజమే. రెండు పిన్‌కోడులను కూడితే తపాలా శాఖకు పనికొచ్చేదేమీ రాదు. కానీ అదే వరసను ఒక పూర్ణసంఖ్యగా పట్టుకుంటే దానికంటూ సొంత లెక్క ఉంటుంది, ఎవరు చేసినా అదే తేలుతుంది. ఆ లెక్క తీసే దారి ఇది. మీ ఊరి పిన్‌కోడుకూ ఇదే దారి పనికొస్తుంది.

పిన్‌కోడు పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి మూడంకెలూ కలిపి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయినా ముందున్న 533 మారలేదు. ఈ 533 మన లెక్కలో ఒక మంచి సౌకర్యం ఇస్తుంది, ఆ సంగతికి కాసేపట్లో వద్దాం.

కావలసినవి: గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, 100 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక (25 ఉంటాయి), 1 నుంచి 100 దాకా వర్గాల పట్టిక. ఫోనులో క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు, కానీ దశాంశాలు చూసి "దాదాపు పోయింది" అని తేల్చెయ్యకండి. భాగఫలంలో చుక్కకు ముందున్న భాగాన్ని మళ్లీ భాజకంతో గుణించి, వచ్చినదాన్ని అసలు సంఖ్యలోంచి తీసేసి, శేషం ఎంతో కాగితం మీద రాసుకోండి. ఆ శేషాలన్నీ తర్వాత పనికొస్తాయి.

ముందు హద్దు

భాగహారాలు ఎక్కడిదాకా చెయ్యాలో ముందే తెలియాలి. 730 × 730 = 532900, 731 × 731 = 534361. మన సంఖ్య ఈ రెండింటి నడుమ ఉంది. అది ఏవైనా రెండు సంఖ్యల లబ్ధమైతే అందులో చిన్నది 730 దాటదు, ఎందుకంటే రెండూ 731 గానీ అంతకన్నా పెద్దవి గానీ అయితే లబ్ధం 534361 కంటే తగ్గదు. 730 లోపు ప్రధాన సంఖ్యలు 129. అన్నిటితో భాగించినా ఒక్కటీ పోకపోతే 533201 ప్రధాన సంఖ్యే. ఈలోగా ఎక్కడైనా పోతే పని తగ్గుతుంది.

భాగించకుండా తేలేవి

చివరి అంకె 1, కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 5+3+3+2+0+1 = 14. 14 మూడో ఎక్కంలో లేదు, అందుకని 3 పోదు, 9 సంగతి అడగక్కర్లేదు.

7, 11, 13 మూడింటికీ కలిపి ఒకే పరీక్ష ఉంది. 7 × 11 × 13 = 1001. అంటే ఈ మూడింటి దృష్టిలో 1000 కీ −1 కీ తేడా లేదు. ఆరంకెల సంఖ్యను మధ్యలోకి విరిచి, ఒక సగంలోంచి ఇంకో సగం తీసెయ్యండి: 533 − 201 = 332. ఈ 332 ఏడో ఎక్కంలో పోదు (శేషం 3), పదకొండులో పోదు (2), పదమూడులో పోదు (7). అసలు సంఖ్య కూడా పోదన్నమాట. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: 332కు వచ్చిన శేషాన్నే 533201 శేషంగా రాసేసుకుంటారు. మనం మొదటి సగంలోంచి రెండో సగం తీశాం కాబట్టి గుర్తు తిరగబడింది. 7తో అసలు శేషం 3 కాదు, 7 − 3 = 4. పోతుందా పోదా అన్న ప్రశ్న వరకైతే ఈ తేడా అడ్డురాదు. శేషమే కావాలంటే మాత్రం తిప్పి రాయాలి.

ఇప్పుడు 533 సంగతి. 533 = 13 × 41. అంటే 533000 మొత్తం 13లోనూ పోతుంది, 41లోనూ పోతుంది. 533తో మొదలయ్యే ఏ పిన్‌కోడుకైనా ఈ రెండింటి కోసం చివరి మూడంకెలు చూస్తే సరిపోతుంది. మనకు 201 ఉంది: 13 × 15 = 195, శేషం 6. 41 × 4 = 164, శేషం 37. రెండూ పోలేదు. పైన 13కు శేషం 7 వచ్చింది కదా, తిప్పితే 13 − 7 = 6. రెండు దారుల్లోనూ ఒకటే వచ్చింది, లెక్క సరిగ్గానే నడుస్తోంది. గోదావరికి పడమటి పక్కన 534తో మొదలయ్యే వాటికి 534 = 2 × 3 × 89 కాబట్టి అక్కడ 3, 89 లకు చివరి మూడంకెలు చాలు.

17 నుంచి మొదలుపెట్టి

మిగిలినవాటికి భాగహారమే దారి. 31, 43 లకు మాత్రం ఒక దగ్గరి దారి కంటికి కనిపిస్తుంది: 31 × 43 = 1333, దాన్ని 400తో గుణిస్తే 533200. మన సంఖ్య దానికి ఒక్కటి ఎక్కువ. రెండింటికీ శేషం 1. తక్కినవి చేసుకుంటూ వెళ్తే శేషాలు ఇలా ఉంటాయి: 17కు 13, 19కి 4, 23కు 15, 29కి 7, 37కు 31, 47కు 33, 53కు 21, 59కి 18. మీకు వేరే సంఖ్య వస్తే మీ భాగహారాన్ని మళ్లీ చూడండి.

53 దగ్గర ఎక్కువమంది తప్పుతారు. 533లో 53 పది సార్లు పోయి 3 మిగులుతుంది. 2 దించితే 32, అందులో 53 పోదు, భాగఫలంలో సున్నా పెట్టాలి. ఆ సున్నా మర్చిపోతారు. తర్వాత 0 దించితే 320, ఆరు సార్లు పోయి 2 మిగులుతుంది. 1 దించితే 21, మళ్లీ సున్నా. భాగఫలం 10060. సున్నాలు వదిలేస్తే 106 అవుతుంది, దాన్ని 53తో గుణిస్తే ఆరు వేలు కూడా రాదు. భాగఫలంలో ఎన్ని అంకెలు రావాలో ముందే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఈ తప్పు జరగదు.

తర్వాత 61. 533లో 61 ఎనిమిది సార్లు, 488, మిగిలింది 45. 2 దించితే 452, ఏడు సార్లు, 427, మిగిలింది 25. 0 దించితే 250, నాలుగు సార్లు, 244, మిగిలింది 6. చివరి 1 దించితే సరిగ్గా 61. ఒక్కసారి పోయింది, శేషం ఏమీ లేదు.

533201 = 61 × 8741.

129 ప్రధాన సంఖ్యలదాకా పోవలసి ఉంటుందనుకున్నది పద్దెనిమిదో దాని దగ్గరే తేలింది. అయినా పని సగమే అయింది. కారణాంకం దొరికిన ఆనందంలో 8741ని అలాగే వదిలెయ్యడం ఈ లెక్కలో చాలా మామూలుగా జరిగే లోపం. కొత్త హద్దు చూడండి: 93 × 93 = 8649, 94 × 94 = 8836. కాబట్టి 93 దాకా వెళ్తే చాలు. 61 కంటే చిన్నవాటిని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. అవి 8741లో పోతే 533201లోనూ పోయి ఉండేవి. మిగిలినవి ఏడే: 61 (శేషం 18), 67 (31), 71 (8), 73 (54), 79 (51), 83 (26), 89 (19). ఒక్కటీ పోలేదు. 8741 ప్రధాన సంఖ్య. 61ని మళ్లీ ఎందుకు చూడాలంటే, ఒకే ప్రధాన సంఖ్య రెండుసార్లు ఉండవచ్చు కాబట్టి. ఇంకో మాట, పట్టిక లేకుండా గుర్తున్నంతలో చేసేవాళ్లు 91ని ప్రధాన సంఖ్యల్లో కలిపేస్తుంటారు. అది 7 × 13. 51, 57, 87 కూడా అలాంటివే, మూడూ మూడో ఎక్కంలోవి.

సరిచూసుకోవడం

గుణకారాన్ని మళ్లీ చెయ్యకుండా సరిచూడాలంటే తొమ్మిదితో ఒకసారి, పదకొండుతో ఒకసారి చూడాలి. తొమ్మిదితో: 61 అంకెల మొత్తం 7. 8741 మొత్తం 20, మళ్లీ కలిపితే 2. 7 × 2 = 14, అంటే 5. 533201 మొత్తం 14, అంటే 5. సరిపోయింది. పదకొండుతో: కుడినుంచి ఒక అంకె కలుపుతూ ఒక అంకె తీస్తూ పోతే 61కి 1 − 6 = −5, 8741కి 1 − 4 + 7 − 8 = −4, లబ్ధం 20, పదకొండుతో శేషం 9. 533201కి 1 − 0 + 2 − 3 + 3 − 5 = −2, అంటే 9. ఇదీ సరిపోయింది.

రెండూ ఎందుకంటే, పక్కపక్క అంకెలు తారుమారై 532301 అని రాసుకుంటే తొమ్మిది పరీక్ష దాన్ని పట్టుకోలేదు, అంకెల మొత్తం అదే కదా. పదకొండు పట్టుకుంటుంది. కానీ ఒకటి విడిచి ఒకటి తారుమారై 530231 అయితే రెండు పరీక్షలూ ఊరుకుంటాయి: తేడా 2970, అది 9లోనూ పోతుంది, 11లోనూ పోతుంది. అప్పుడు 7 కావాలి, 2970ని 7తో భాగిస్తే 2 మిగులుతుంది. పిన్‌కోడులో తప్పును పట్టే అదనపు అంకె ఏదీ లేదు, అందుకని అంకెలు తారుమారైతే చూపు తప్ప వేరే కాపలా లేదు.

దీంతో తేలేవి

కారణాంకాలు రెండే, ఒక్కొక్కటి ఒక్కసారే. కాబట్టి దీన్ని భాగించే సంఖ్యలు నాలుగు: 1, 61, 8741, 533201. 533201 కొబ్బరికాయలను ఒక్కటీ మిగలకుండా సమానమైన వరసల్లో పేర్చాలంటే 61 వరసల్లో 8741 చొప్పున, లేదా 8741 వరసల్లో 61 చొప్పున పేర్చాలి, లేదా అన్నీ ఒకే బారుగా పెట్టాలి. 533201ని వదిలేసి మిగతా భాజకాల మొత్తం 1 + 61 + 8741 = 8803, సంఖ్యతో పోలిస్తే చాలా తక్కువ. 1 నుంచి 533201 దాకా దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి 60 × 8740 = 524400. రెండు రెండుగా భాగించి శేషాలను కిందినుంచి పైకి రాస్తే కంప్యూటరు భాషలో 10000010001011010001, ఇరవై స్థానాలు, అందులో ఏడు ఒకట్లు.

రెండు వర్గాల మొత్తంగా

ఈ సంఖ్యలో నిజంగా అందమైన భాగం ఇదే, కాస్త నిదానంగా చెయ్యండి.

61ని 4తో భాగిస్తే శేషం 1. 8741కీ (చివరి రెండంకెలు 41 చూస్తే చాలు) శేషం 1. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. 61 తేలికే: 25 + 36, అంటే 5² + 6². 8741కి మాత్రం వెతకాలి. 93 వర్గం నుంచి కిందికి దిగుతూ ఒక్కొక్కటి తీసేస్తూ, మిగిలింది వర్గమేనా అని చూడాలి. ప్రతిదానికీ వర్గమూలం తియ్యక్కర్లేదు. వర్గం ఎప్పుడూ 2, 3, 7, 8తో ముగియదు. 5తో ముగిస్తే చివర 25 ఉండాలి. సున్నాతో ముగిస్తే సున్నాలు జంటగా ఉండాలి. 93కి మిగిలేది 92, 92కి 277, 91కి 460, ఇవన్నీ చూడగానే పోతాయి. ఇలా 79 దాకా పదిహేను తీసివేతలు. నిజంగా ఆగి చూడవలసినవి 90 దగ్గర 641, 85 దగ్గర 1516, 80 దగ్గర 2341, అంతే. అవీ వర్గాలు కావు. 79 దగ్గర 8741 − 6241 = 2500. అది 50 వర్గం.

8741 = 79² + 50².

ఇప్పుడు బ్రహ్మగుప్తుడి పేరుతో పిలిచే సర్వసమీకరణం ప్రకారం రెండు జంటలనూ అడ్డంగా, ఐమూలగా గుణించాలి. 5 × 79 = 395, 6 × 50 = 300, 5 × 50 = 250, 6 × 79 = 474. మొదటి రెండింటినీ కలిపి, తర్వాతి రెండింటి తేడా తీస్తే 695, 224. మొదటి రెండింటి తేడా తీసి, తర్వాతి రెండింటినీ కలిపితే 95, 724. రెండూ సరిచూడండి:

695² + 224² = 483025 + 50176 = 533201
724² + 95² = 524176 + 9025 = 533201

రెండు కూడికలు కాని, రెండు తేడాలు కాని తీసుకుంటే లెక్క తప్పుతుంది. ఒకచోట కూడితే రెండోచోట తియ్యాల్సిందే.

దీన్ని పొలం మీద చూడొచ్చు. 69.5 మీటర్ల పొడవు, 22.4 మీటర్ల వెడల్పు ఉన్న మడి ఒకటి, 72.4 మీటర్లు × 9.5 మీటర్ల మడి ఇంకొకటి ఉంటే రెండింటికీ ఐమూల ఒకటే, సుమారు 73.02 మీటర్లు. విస్తీర్ణం చూస్తే మొదటిది దాదాపు 38న్నర సెంట్లు, రెండోది 17 సెంట్లు. టేపుతో ఐమూల కొలిచి రెండు మడులూ ఒకటే అనుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ రెండు రూపాలు చేతిలో ఉంటే భాగహారం లేకుండానే కారణాంకాలు వెనక్కి వస్తాయి. ఇది ఆయిలర్ పద్ధతి. బేసి సంఖ్యలను ఒక జట్టుగా, సరి సంఖ్యలను ఒక జట్టుగా పెట్టండి. బేసివి 695, 95: తేడా 600, మొత్తం 790. సరివి 724, 224: తేడా 500, మొత్తం 948. తేడాల గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) 100, మొత్తాల గసాభా 158. తేడాలను 100తో భాగిస్తే 6, 5. వాటి వర్గాల మొత్తం 36 + 25 = 61. గసాభాలను సగం చేస్తే 50, 79. వాటి వర్గాల మొత్తం 2500 + 6241 = 8741. ఎక్కడినుంచి బయల్దేరామో సరిగ్గా అక్కడికే వచ్చాం.

ఇదే పనికి ఫెర్మా పద్ధతి (సంఖ్యకు ఒక వర్గం కలిపి ఇంకో వర్గం తెచ్చుకోవడం) ఇక్కడ కలిసిరాదు. అది కారణాంకాలు రెండూ వర్గమూలానికి దగ్గరగా ఉన్నప్పుడే త్వరగా తేలుతుంది. 61, 8741 ల సగటు 4401. 731 దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుకుంటూ 4401 దాకా వెళ్లాలి, అంటే 3671 ప్రయత్నాలు.

అంకెలతో రెండు పనులు

తిరగేసి కలపండి: 533201 + 102335 = 635536. ఎటునుంచి చదివినా ఒకటే. ఒక్క మెట్టులోనే ఇలా రావడానికి కారణం, ఎదురెదురు అంకెల జతలు 5+1, 3+0, 3+2 ఏవీ పది చేరలేదు, చేతిలోకి ఏదీ మిగల్లేదు.

రెండోది దేవ్లాలీ స్కూలు మాస్టారు డి. ఆర్. కాప్రేకర్ (1905–1986) చూపిన పద్ధతి. దేవ్లాలీ ఉన్నది నాసిక్ జిల్లాలో, గోదావరి పుట్టిన త్ర్యంబకం ఉన్న జిల్లాలోనే. నాలుగంకెలతో చేస్తే ఆ పద్ధతి చివరికి 6174 దగ్గర ఆగుతుందని ఆయన కనిపెట్టారు. అంకెలను పెద్దదానినుంచి చిన్నదానికి ఒకసారి, చిన్నదానినుంచి పెద్దదానికి ఒకసారి పేర్చి, తేడా తీస్తూ పోవాలి. మన ఆరంకెలతో: 533210 − 012335 = 520875. తర్వాత 849942, తర్వాత 753543, తర్వాత 420876. అక్కడినుంచి 851742, 750843, 840852, 860832, 862632, 642654, మళ్లీ 420876. ఏడింటి గుండ్రం, ఇక బయటికి రాదు. ఆరంకెల్లో అన్నీ ఒకే అంకె కాకపోతే ఎక్కడ మొదలుపెట్టినా చేరేది ఈ గుండ్రానికి, లేదా 549945కు, లేదా 631764కు. ముందున్న సున్నాను పారేసి 12335ను ఐదంకెలుగా చూస్తే తర్వాతి మెట్లన్నీ చెడతాయి, సున్నా కూడా అంకే. ప్రతి మెట్టులో వచ్చిన తేడా తొమ్మిదిలో పోవాలి. పోలేదంటే తీసివేతలో తప్పుంది.

మిగతా ఊళ్లు

కాకినాడ 533001. మధ్యలోకి విరిస్తే 533 − 1 = 532, అది 7 × 76. ఏడు పోయింది. అంకెల మొత్తం 12, మూడు కూడా పోయింది. పూర్తిగా విప్పితే 3 × 7 × 17 × 1493. 533001ని 4తో భాగిస్తే శేషం 1 వస్తుంది, అది చూసి వర్గాల మొత్తం కోసం వెతకడం మొదలుపెట్టకండి. 3, 7 రెండింటికీ 4తో శేషం 3, అవి ఒక్కొక్కసారే ఉన్నాయి కాబట్టి ఎంత వెతికినా దొరకదు. అందుకే కారణాంకాలు ముందు, వర్గాలు తర్వాత.

నరసాపురం 534275. చివర 75 ఉంది కాబట్టి 25 పోతుంది: 5² × 7 × 43 × 71. దీనికి భాజకాలు 24, అమలాపురానికి నాలుగే ఉన్నచోట. వర్గాల సంగతి చివరి రెండంకెలతోనే తేలిపోతుంది: 75ను 4తో భాగిస్తే 3 మిగులుతుంది, అలాంటి సంఖ్య ఎప్పుడూ రెండు వర్గాల మొత్తం కాదు.

భీమవరం 534201. 534 వాటాలో 3 ఉంది, చివరి 201లోనూ 3 ఉంది, కాబట్టి 3 × 178067. 89 కోసం 201 చూస్తే 23 మిగులుతుంది, పోదు. 178067కు హద్దు 421. 5 నుంచి 421 దాకా ఉన్న ప్రధాన సంఖ్యల్లో 89ని ఇప్పుడే కొట్టేశాం. 7, 11, 13 లకు 178, 067 లను విరిచి చూడండి, అక్కడినుంచి 17తో మొదలుపెట్టండి.